మోడల్ రైల్వేకి ఏ పట్టాలు, ఏ కంకర వాడాలి?

హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు రైలుకి 87వ వంతు సైజులో) మొదటి లేఅవుట్ మొదలుపెట్టాను, ఏ ట్రాక్ కొనాలి, కంకరకి బదులు మామూలు ఇసుక చల్లితే సరిపోతుందా అని అడిగారు. ట్రాక్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నికెల్ సిల్వర్ పట్టాలే కొనండి. ఇత్తడివి చవకే, కానీ వాటికి పట్టే చిలుము పట్టాల నుంచి ఇంజిన్‌కి వెళ్లే కరెంటుని అడ్డుకుంటుంది. మా విశాఖ సముద్రపు గాలికి తుడిచిన నాలుగు రోజులకే ఇంజిన్ ఆగి ఆగి నడిచేది.

ఇసుక మాత్రం వద్దే వద్దు. నేను భీమిలి ఒడ్డు నుంచి సంచీడు తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, మేడ మీద ఆరబెట్టి, టీ జాలీతో జల్లించాను. పట్టాల మధ్య పరిచి, సగం ఫెవికాల్, సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో పోశాను. చూడ్డానికి ఎంత బాగుందో! మూడో రోజు ఇంజిన్ గరగరమంది. అడుగు విప్పి చూస్తే మోటార్ అయస్కాంతం చుట్టూ నల్లటి రేణువులు వెంట్రుకల్లా నిలబడి ఉన్నాయి. పళ్లచక్రాల్లోనూ అవే. మన తీరపు నల్ల ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజంతో పాటు, అయస్కాంతానికి గట్టిగా అంటుకునే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం కూడా ఉంటుంది. ఎనిమిది అడుగుల ట్రాక్‌ని వేడినీళ్లతో నానబెట్టి ఊడదీశాను. ఒక పాయింట్ (రైలుని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే ట్రాక్ ముక్క) పోయింది, నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు క్రషర్ దగ్గర దొరికే గ్రానైట్ పొడి వాడుతున్నాను. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ పొడిలో మూడుసార్లు తిప్పాకే పరుస్తాను. కొన్న కంకరైనా సరే, ఈ పరీక్ష తప్పనిసరి. సైజు కూడా చూసుకోండి. మన రైల్వే కంకర 20 నుంచి 65 మి.మీ. ఉంటుంది, 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు కూడా దాటదు. చాలామంది లేఅవుట్లలో పట్టాల మధ్య బండరాళ్లు కనిపిస్తాయి.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మనవాళ్లు డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిన్ రంగులో కాస్త తేడా ఉన్నా ఊరుకోరు గానీ, కింద పట్టాల గురించి ఎవరూ మాట్లాడరు. మన బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., అంటే హెచ్‌ఓలో 19 మి.మీ. పైనే ఉండాలి. దొరికేది మాత్రం 16.5. గేజ్ మార్చడం నా వల్ల కాలేదు కానీ, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లను కలిపే ప్లాస్టిక్ ముక్కల్ని బ్లేడుతో కోసి, ఒక్కో స్లీపర్‌నీ దాదాపు 7 మి.మీ. దూరంలో సర్దాను. అసలు లైన్లో అది 60 సెంటీమీటర్లు. మీటరు ట్రాక్‌కి ఒక సాయంత్రం పడుతుంది. కంకర పోయకముందే చేసుకోండి, ఆ తర్వాత స్లీపర్లు కదలవు.