దూదికి తలంటు

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆదివారం మా కుక్క దూదికి నీళ్ళు పోస్తాను, షాంపూ ఎంత వెయ్యాలని అడిగావు. షాంపూ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంట్లో దువ్వెన ఉందా?

పొమేరియన్‌కి ఒంటిమీద రెండు పొరల బొచ్చు. పైది పొడుగ్గా, లోపలిది దూదిలాగా ఉంటుంది. చిక్కు తియ్యకుండా తడిపావంటే అది ఇంకా బిగుసుకుంటుంది, ఇక కత్తెరే గతి. అందుకని పొడిగా ఉన్నప్పుడే దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద బాగా చూడు, ఉండలన్నీ అక్కడే కడతాయి. పిడుదులుంటే అప్పుడే దొరుకుతాయి. అరగంటైనా పడుతుంది, విసుక్కోకు.

మీ బ్రాడీపేటలో మేడమీద ట్యాంకే కదా. ఈ మే ఎండలకి పదకొండు దాటితే కుళాయి నీళ్ళు చెయ్యి కాలుస్తాయి. పొద్దున్నే బకెట్టు పట్టి పెట్టుకో. నీళ్ళు మోచేతికి గోరువెచ్చగా తగిలితే చాలు.

మీ షాంపూ మాత్రం వాడకు. మన చర్మానికి కాస్త ఆమ్లగుణం ఎక్కువ, కుక్కలకి తక్కువ. మనకోసం చేసింది వాటికి పడదు, దురద పెడుతుంది. కుక్కల షాంపూనే మగ్గెడు నీళ్ళలో కలిపి పొయ్యి.

కుంకుడుకాయ మంచిదని ఎవరైనా చెప్తే వినకు. మా మొదటి కుక్కకి నేనే ఆ తెలివితక్కువ పని చేశాను. మన చిన్నప్పుడు కళ్ళు మండితే నోట్లో ఉప్పుకల్లు వేసేవాళ్ళు. దాని నోట్లో ఏం వెయ్యను? రెండు రోజులు కళ్ళు తెరవలేదు పాపం. పశువుల డాక్టరు చుక్కల మందు ఇచ్చి, నాకు నాలుగు చీవాట్లు కూడా పెట్టాడు.

మొహం మీద నీళ్ళు గుమ్మరించకు, తడిగుడ్డతో తుడువు. చెవుల్లోకి నీళ్ళు పోనివ్వకు. నురగంతా పోయిందనుకున్నాక ఇంకో రెండు మగ్గులు పొయ్యి. పొట్ట కింద తప్పకుండా మిగిలి ఉంటుంది.

అసలు పని ఆరబెట్టడమే. తువ్వాలుతో రుద్దకు, మళ్ళీ చిక్కుపడుతుంది. ఒత్తి ఒత్తి తియ్యి. తర్వాత హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిమీద పెట్టి, జానెడు దూరంనుంచి పట్టుకుని, దువ్వుతూ ఆరబెట్టు. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, నమ్మకు. వేళ్ళతో బొచ్చు పాయదీసి చర్మం దగ్గర తడి చూడు. ఈ ఉక్కలో లోపల తడి మిగిలితే ముక్కవాసన సరే, పుళ్ళు కూడా లేస్తాయి.

నెలకోసారి చాలు. మీ ఆయన వారం వారం అంటున్నాడట, ఆ ఉత్సాహమేదో దువ్వెన మీద చూపించమను. వేసవి కదా అని గుండు మాత్రం కొట్టించొద్దు. ఆ బొచ్చే దాన్ని ఎండనుంచి కాపాడుతుంది, పైగా తిరిగి సరిగ్గా మొలవకపోవచ్చు.

నాలుగు పాత తువ్వాళ్ళు దగ్గర పెట్టుకో. వదిలిన మరుక్షణం దులుపుకుంటుంది, మంచి చీర కట్టుకుని కూర్చోకు.

మీ పెద్దమ్మ,
సత్యనారాయణపురం, విజయవాడ