గాజులు అన్నయ్య దగ్గర, జపం చెల్లెలి పేరిట

ప్రశ్న: అమ్మ పోయి మూడేళ్లయింది. చివరి రెండేళ్లూ మంచంలోనే ఉంది. చాకిరీ అంతా చెల్లెలే చేసింది. తన నాలుగు బంగారు గాజులూ దానికే ఇమ్మని అమ్మ అనడం నేను విన్నాను. అమ్మ పోయాక అన్నయ్య వాటిని వదినకిచ్చేశాడు. ఆ గొడవలో నేను అందరి ముందూ "నువ్వు చేసిందంతా గాజుల కోసమేగా" అనేశాను. అప్పట్నుంచీ అది నాతో మాట్లాడదు. త్వరలో మా అమ్మాయి పెళ్లి. నాలుగు నెలలుగా రోజుకు నూరుసార్లు హోపోనోపోనో, అదే క్షమించమని కోరే నాలుగు వాక్యాల హవాయి జపం, చేస్తున్నాను. ఇంకా ఎన్నాళ్లు చేయాలి? పెళ్లికి ముందురోజు అందరం ఎలాగూ చేరతాం కనుక, ఆదివాసుల పద్ధతిలో గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే కలిసిపోతుందా? అన్నయ్యను మాత్రం నొప్పించలేను. నాకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఇల్లే.

జవాబు: ఎన్నాళ్లన్న లెక్క వదిలేయండి. మీరు గదిలో కూర్చుని చెప్పే క్షమాపణ మీ చెల్లెలి చెవిన పడదు. పైగా ఆ నాలుగు వాక్యాల జపం హవాయి కుటుంబాల పాత ఆచారం కాదు. 1970లలో మోర్నా సిమియోనా అనే హవాయి వైద్యురాలు ఆ ఆచారాన్ని ఎవరికి వారు చేసుకునే సాధనగా మార్చారు. నాలుగు వాక్యాలు ఆ తర్వాత ప్రచారంలోకి వచ్చాయి. మీ మనసు కుదుటపడుతుందంటే చేసుకోండి. చెల్లెలితో తెగిన మాట మాత్రం దానితో అతకదు.

అసలు హోపోనోపోనో అంటే సరిచేయడం. ఇంటిల్లిపాదీ కూర్చుని చేసేది. ప్రార్థనతో మొదలుపెడతారు. నడిపించే పెద్దను హాకు అంటారు. ఎవరేం చెప్పినా హాకుతోనే చెప్పాలి, ఒకరితో ఒకరు నేరుగా అనుకోకూడదు. కోపం ఎదుటి మనిషి ముఖాన పడకుండా ఇది అడ్డు. తగాదాలో పడిన చిక్కుముడి హిహియా. దాన్ని పొర తర్వాత పొరగా విప్పడం మహికి. ఒకటి తేలేదాకా ఇంకోటి ముట్టుకోరు. మాటలు వేడెక్కితే ఆ పెద్ద "హోఒమాలు" అని ఆపుతారు, అంటే అందరూ మౌనంగా ఉండాలి. ఆ తర్వాత మిహి: తప్పు ఒప్పుకుని క్షమించమని అడగడం. తిరిగి ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే ఎలా ఇస్తారో కూడా అక్కడే తేలుస్తారు. అప్పుడు గానీ ఇరువైపులా విడిచిపెట్టడం ఉండదు. చివర్లో ప్రార్థన, కలిసి భోజనం.

ఇప్పుడు మీ పొరలు చూడండి. పైన కనిపించేది మీరన్న మాట. దాని కింద గాజులు. వాటి కింద అన్నయ్య. చెల్లెలు అలిగిందని రాశారు గానీ ఉత్తరంలో భయమంతా అన్నయ్య గురించే. అమ్మ మాట విన్న సాక్షి మీరు. ఆరోజు చెల్లెలు నోరు తెరిచి ఉంటే మీరు సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది, అన్నయ్యకు ఎదురు నిలవాల్సి వచ్చేది. అందుకే ముందు ఆమె నోరు మూయించారు. కటువుగా ఉన్నా నాకు అర్థమైంది ఇదే. పుట్టిల్లు పోతుందన్న భయం మనలో చాలామందికి తెలిసిందే. కానీ అమ్మను రెండేళ్లు ఎత్తి దించిన మనిషి మీ పుట్టింటి మనిషి కాదా?

కాబట్టి మొదటి మాట అన్నయ్యతో. ఒంటరిగా, ఎదురుగా, ఫోన్లో కాదు. "గాజులు చెల్లెలికి ఇమ్మని అమ్మ అనడం నేను విన్నాను. ఆరోజు చెప్పలేదు, తప్పు నాది. ఇప్పుడు అందరి ముందూ చెప్పబోతున్నాను. అవి దానికి తిరిగి ఇవ్వు." ఇంతే. అనుమతి అడగకండి. వదినను తప్పుపట్టకండి, ఆమెకు ఇచ్చింది అన్నయ్యే. అరిస్తే అరవనివ్వండి, వాదించకుండా వచ్చేయండి. ఇవ్వనంటే అదే తూకం బంగారం మీరు కొనిచ్చి చేతులు దులుపుకోవద్దు. చెల్లెలికి మొదట కావాల్సింది మీ సాక్ష్యం. అమెరికాలోని నవాహో ఆదివాసులు 1982లో తమ పాత శాంతి సభను న్యాయస్థానాల్లో భాగంగా మళ్లీ నిలబెట్టుకున్నారు. వారి నాల్యే అన్న మాటకు నష్టాన్ని పూడ్చడమని అర్థం. ఎంత ఇస్తే చాలంటే, నష్టపోయిన మనిషి మనసులో కొరత మిగలనంత. ఆ కొలత చెల్లెలి చేతిలో ఉంటుంది, మీ చేతిలో కాదు.

పెళ్లి ముందురోజు సభ వద్దేవద్దు. చుట్టాలందరి మధ్యా కూర్చోబెడితే ఆమె కాదనలేదు, కాదంటే మొండిదన్న పేరు కూడా ఆమెకే. పసిఫిక్ దీవుల్లోని సమోవాలో ఇఫోగా అనే పద్ధతి ఉంది. తప్పు చేసిన వైపువారే నష్టపోయిన వారి ఇంటికి వెళ్లి, మేలైన అల్లిక చాప కప్పుకుని వాకిట్లో కూర్చుంటారు. చాప తీసి లోపలికి పిలవాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. నడిచి వెళ్లాల్సింది మీరు. ముందు కబురు పెట్టండి, వద్దంటే ఆగండి.

వెళ్లాక క్షమాపణతో మొదలుపెట్టకండి. ఉత్తర అమెరికాలోని హోడెనొషోనీ జాతులు దుఃఖంలో ఉన్నవారితో సంగతి ఎత్తేముందు మూడు పనులు చేస్తారు: మాటలతోనే కళ్లలో నీళ్లు తుడుస్తారు, చెవులు శుభ్రం చేస్తారు, గొంతులో అడ్డు తీస్తారు. ఏడుస్తున్న మనిషి చూడలేదు, వినలేదు, మాట్లాడలేదు. మీ చెల్లెలికి అమ్మ పోయిన దుఃఖాన్ని కూడా ఎవరూ ఓదార్చనే లేదు. ఆ రెండేళ్లలో ఆమె ఏమేం చేసిందో పేరుపేరునా చెప్పండి. రాత్రుళ్లు మేలుకోవడం, పక్క మార్చడం, మందులు వేయడం, మీకు తెలిసినవన్నీ. ఆ తర్వాత ఒక్క వాక్యం: "నేనన్న మాట అబద్ధం." "కోపంలో అన్నాను, కానీ" అని మొదలెడితే అక్కడితో అంతా పోతుంది. ఆమె తిడితే వినండి. మరో మాట, అవమానం అందరి ముందూ జరిగింది కనుక, ఆరోజు ఉన్నవాళ్లలో కనీసం ముఖ్యులకు ఆ వాక్యం మీరే స్వయంగా చెప్పాలి.

ఆమె సరేనంటే కూర్చోవడం అప్పుడు. మీ ముగ్గురూ, చెల్లెలు ఎంచుకున్న ఒక పెద్ద. భార్యాభర్తలు మొదటిసారికి వద్దు, ఎవరి పక్షం వారు పట్టి మాట మలుపు తిప్పేస్తారు. చేతిలో పట్టే వస్తువు ఒకటి, వీలైతే అమ్మది, ఒకే దిక్కుగా తిప్పండి. అది చేతిలో ఉన్నవారే మాట్లాడాలి. ఏమీ చెప్పాలనిపించకపోతే పక్కవారికి అందించవచ్చు. మొదటి చుట్టు ఏం జరిగిందో, రెండోది దానివల్ల ఎవరికేమైందో, మూడోది ఎవరేం చేస్తారో. మూడో చుట్టులో తేదీ చెప్పించండి, లేకపోతే గాజుల సంగతి మళ్లీ గాల్లో కలుస్తుంది. ఇలాంటివి చాలాసార్లు రెండో చుట్టులోనే చెడతాయి. ఎవరో ఒకరు ఏడుపు చూడలేక "పోనీలే, మర్చిపోదాం" అంటారు. ఆ మాట పెద్ద నోట కూడా రాకూడదని ముందే చెప్పుకోండి. వేడెక్కితే ఆపి ఇంకోరోజు కూర్చోండి. అన్నయ్య రానంటే ఆయన లేకుండానే మీరిద్దరూ, పెద్దా కూర్చోండి. ఆయన కోసం ఆపడమంటే మూడేళ్లుగా చేస్తున్నదే మళ్లీ చేయడం.

పెళ్లి ఊసు ఈ మాటల్లో ఎక్కడా రాకూడదు. వస్తే ఇదంతా పెళ్లి కోసమేనని ఆమె అనుకుంటుంది, అనుకోవడంలో తప్పేమీ లేదు. పిలుపు వేరే రోజున, విడిగా. పెళ్లిలోపు ఇది తేలకపోవచ్చు. అప్పుడు ఆమె లేకుండానే పెళ్లి జరుగుతుంది. చెల్లెలు రాలేదేమని ఎవరైనా అడిగితే, "నా వల్లే రాలేదు" అని చెప్పండి, అన్నయ్య పక్కన నిలబడి ఉన్నా సరే.