మోసం చేసిన తమ్ముడు ‘దేవుని చిత్తం’ అంటున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 54. తాతల కాలం నుంచీ లూథరన్ సంఘంలో ఉన్నాం. రెండేళ్ల క్రితం మావారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 14 లక్షలు మా తమ్ముడి ఖాతాకు పంపాను. ఇద్దరి పేరునా స్థలం కొంటానన్నాడు. మొన్న క్రిస్మస్‌కి కేకు, చీర పట్టుకుని వచ్చాడు. వాడికి ఇష్టమని కోడికూరలో లెగ్ పీసు ఏరి వాడి కంచంలో వేశాను. స్థలం మరదలి పేరున రిజిస్టరై అప్పటికే నాలుగు నెలలైందని సంక్రాంతికి తెలిసింది. నిలదీస్తే, “దేవుని చిత్తం లేకుండా ఏదీ జరగదక్కా. యోసేపును సొంత అన్నలే అమ్మారు, చివరికి మేలే అయింది కదా” అన్నాడు. సంఘ పెద్దలు క్షమించమంటున్నారు. కోర్టుకెక్కితే నలుగురిలో మన క్రైస్తవ సాక్ష్యం, అంటే మంచి పేరు, పాడవుతుందంటున్నారు. “నమ్మింది నువ్వే” అని మావారు మాట్లాడటం మానేశారు. నా ప్రార్థనలో లోపం వల్లే ఇలా జరిగిందా? వాడి మీద కోపంతో ప్రభువు బల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం) దగ్గరికి కూడా వెళ్లలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ లెగ్ పీసు మాట దగ్గర ఆగిపోయాను. ఆ చివరి రాత్రి భోజనంలో యేసు కూడా ఒక ముక్క ముంచి, తనను శత్రువులకు అప్పగించబోతున్న శిష్యుడు ఇస్కరియోతు యూదా చేతికిచ్చాడు. అది తీసుకుని అతను వెంటనే బయటికి వెళ్లాడు, అప్పుడు రాత్రివేళ అని యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఉంది. డబ్బు సంచి ఉండేదీ అతని దగ్గరే. అందులోంచి తీసుకుంటూ ఉండేవాడని 12వ అధ్యాయం చెబుతుంది. ఇంకొకటి కూడా గుర్తు చేస్తాను. పన్నెండుమంది శిష్యులను ఎన్నుకునే ముందు యేసు కొండ మీద రాత్రంతా ప్రార్థన చేశాడని లూకా 6లో ఉంది. ఆ పన్నెండుమందిలో యూదా ఉన్నాడు. రాత్రంతా ప్రార్థించి ఎన్నుకున్నవాడే అప్పగించాడంటే, మీ ప్రార్థన చాలకే తమ్ముడు మోసం చేశాడనే మాటకు ఆధారం ఎక్కడుంది? ఆ బరువు మీది కాదమ్మా, దించేయండి.

కాగితం రాయించుకోకపోవడం మాత్రం పొరపాటే. తోడబుట్టినవాడి దగ్గర నోటు రాయించుకోవడానికి మొహమాటపడే అక్కలు మన ఇళ్లలో ఎంతమందో. దాన్ని పొరపాటుగానే ఒప్పుకోండి, పాపంగా మోయకండి.

ఇక యోసేపు సంగతి. అన్నలు అతన్ని 20 వెండి నాణేలకు అమ్మారు. “మీరు కీడు ఉద్దేశించారు, దేవుడు దాన్ని మేలుకు ఉద్దేశించాడు” అనే మాట ఆదికాండం చివరి అధ్యాయంలో ఉంది. మీ తమ్ముడు అందులో రెండో సగమే చెప్పాడు. మొదటి సగం, అంటే “మీరు కీడు ఉద్దేశించారు” అన్నది, మింగేశాడు. పైగా ఆ మాట అన్నదెవరు? అమ్ముడుపోయినవాడు. గొయ్యి, బానిసత్వం, చెరసాల అన్నీ దాటి వచ్చాక, తన ముందు సాగిలపడ్డ అన్నలను చూసి అన్నాడు. అమ్మిన అన్నల్లో ఒక్కడు కూడా “అంతా దేవుని చిత్తం తమ్ముడూ” అనలేదు. మాకు క్షమాపణ కావాలనే అడిగారు. మోసపోయినవాడి నోట విశ్వాసంగా పలికిన మాట, మోసం చేసినవాడి నోట సాకు అయిపోతుంది.

అసలు మీ ప్రశ్న వెనక ఉన్నది దేవుని చిత్తానికీ మనిషి బాధ్యతకీ లంకె ఏమిటన్నదే. లూకా 22లో యేసు ఒకే వాక్యంలో రెండూ చెప్పాడు: నిర్ణయించిన ప్రకారమే మనుష్యకుమారుడు (అంటే యేసే) పోతున్నాడు, కానీ ఆయన్ను అప్పగించే మనిషికి శ్రమ. మొదటిది నిజం కాబట్టి రెండోది రద్దయిపోదు. మన తెలుగు బైబిల్లో ‘అప్పగించు’ అనే మాటే ఎన్ని చోట్ల వస్తుందో చూడండి. యూదా అప్పగించాడు, యాజకులు రోమా అధిపతి పిలాతుకు అప్పగించారు, పిలాతు సిలువ వేయడానికి అప్పగించాడు. తండ్రి తన కుమారుణ్ని మన కోసం అప్పగించాడని రోమా 8 అంటుంది. జరిగింది ఒకటే. యూదాది డబ్బాశ, యాజకులది అసూయ, పిలాతుది జనం భయం, తండ్రిది ప్రేమ. తండ్రి ప్రేమను చూపించి యూదా డబ్బాశను మాఫీ చేయించుకోవడం కుదరదు.

మీరు లూథరన్లు కాబట్టి ఈ ముక్క కూడా చెప్పాలి. మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందా లేదా అని ఎరాస్మస్ అనే పండితుడు 1524లో రాస్తే, మీ సంఘానికి ఆ పేరు రావడానికి కారణమైన మార్టిన్ లూథర్ 1525లో చాలా ఘాటుగా జవాబిచ్చాడు. రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, విషయంలో మనిషి చిత్తం బందీ అన్నాడు. అంత గట్టిగా వాదించిన లూథర్ కూడా, యూదాను ఎవరూ బలవంతపెట్టలేదు, తన ఇష్టంతోనే ఆ పని చేశాడు అనే చెప్పాడు. మీ తమ్ముడు మరదలి పేరున సంతకాలు పెట్టించినప్పుడు అతని చెయ్యి ఎవరూ పట్టుకోలేదు కదా.

యూదా కూడా చివర్లో “దేవుని చిత్తం” అని తప్పించుకోలేదమ్మా. “నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశాను” అని ఒప్పుకుని, 30 వెండి నాణేలు దేవాలయంలో పారేశాడు. ఆ తర్వాత నిరాశలో ప్రాణం తీసుకున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. యూదా అప్పగించిన రాత్రే యేసును ఎరగనని మూడుసార్లు అన్న శిష్యుడు పేతురు ఏడ్చి తిరిగొచ్చాడు. మీ తమ్ముడికీ తిరిగొచ్చే దారి ఉంది, కానీ ఇప్పటివరకు అతను తప్పు ఒప్పుకోనూ లేదు, రూపాయి తిరిగివ్వనూ లేదు.

క్షమించమంటున్న పెద్దలకు లూకా 17 చూపించండి. సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని ఉంది. యోసేపు కూడా అన్నలను చూడగానే కౌగిలించుకోలేదు. మూడు రోజులు కావలిలో ఉంచాడు. వాళ్లలో షిమ్యోనును ఆపేశాడు. అందరికన్నా చిన్నవాడైన బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించాడు. ఇంకో తమ్ముణ్ని కూడా వదిలేసి వెళ్తారేమోనని చూశాడు. ఒకప్పుడు “వీణ్ని అమ్మేద్దాం” అన్న యూదాయే (ఇతను యాకోబు కొడుకు, పేరొక్కటే) ముందుకొచ్చి, చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండి అన్నాడు. అప్పుడు యోసేపు బిగ్గరగా ఏడ్చాడు. మనసులో పగ వదిలేయడం మీరు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. మళ్లీ నమ్మడం మాత్రం మీ తమ్ముడు మారాడని కళ్లతో చూశాకే.

కోర్టు మాటకొస్తే, పెద్దలు చెబుతున్నది సహోదరులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడం తగదనే 1 కొరింథీ 6. అందులోనే ఆ పత్రిక రాసిన పౌలు, సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని నిలదీశాడు. అన్యాయం చేసేవాళ్లను, అదీ సహోదరులకే చేసేవాళ్లను, 8వ వచనంలో మందలించాడు. మీ పెద్దలు ఆ వచనం దాకా చదవాలి. కోర్టుకు వద్దనే సంఘం, తమ్ముణ్ని పిలిపించి కూర్చోబెట్టి లెక్క తేల్చాలి. అందుకు వాళ్లకు ఒక నెల గడువివ్వండి.

అంతకుమించి ఆగొద్దు. డబ్బు వసూలు దావాకు లిమిటేషన్ చట్టం ఇచ్చేది సాధారణంగా 3 ఏళ్లే. మీకు ఇప్పటికే రెండేళ్లు గడిచాయి. గడువు ఏ రోజు నుంచి లెక్కో లాయరుతో చూపించుకోండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా సరిపోతుంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం. తమ్ముణ్ని రోడ్డుకీడ్చానన్న టెన్షన్ కూడా ఉండదు.

ప్రభువు బలకు దూరంగా ఉండకండి. ముందు సమాధానపడి రమ్మన్న మత్తయి 5 మాట మిమ్మల్ని ఆపుతోందేమో. ఎదుటివాడికి తన మీద విరోధం ఉందని గుర్తొచ్చినవాడికి చెప్పిన మాట అది. ఇక్కడ ఫిర్యాదు మీది, కాబట్టి లేచి రావలసింది మీ తమ్ముడు. రొట్టె ఎత్తినప్పుడల్లా పాస్టరుగారు ఏమని మొదలుపెడతారు? “ప్రభువైన యేసు తాను అప్పగింపబడిన రాత్రి” అనే కదా. అంటే మీ గాయం లాంటిదాన్ని ఆ బల దగ్గర ప్రతిసారీ పైకే చెబుతున్నారు. కోపం ఉంటే ఉన్నట్టే ఆయనకు చెప్పి, వెళ్లి మోకరించండి.

మీవారి మౌనం వెనక కోపం కన్నా భయం ఎక్కువేమో, ముసలితనానికి దాచుకున్న డబ్బు కదా. “కాగితం రాయించుకోకపోవడం నా పొరపాటే” అని ఒక్కసారి ఆయనతో చెప్పండి. మోసం చేసింది తమ్ముడని ఆయనకూ తెలుసు. బ్యాంకు స్టేట్‌మెంటు, తమ్ముడు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు తీసి ఫైల్లో పెట్టేటప్పుడు పక్కన కూర్చోమని ఆయన్నే అడగండి.