రీలోడ్‌కి టెస్టులు రాసే ముందు

అమ్మడూ,

నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి ప్లగిన్ ఫైళ్లని తెచ్చి, అవి మారితే మళ్లీ లోడ్ చేసే ప్లగిన్ లోడర్‌కి టెస్టులు రాసే పని నీకు అప్పగించారని చెప్పావు. విడిగా రన్ చేస్తే పాసయ్యే టెస్టు, మిగతావాటితో కలిపితే ఫెయిల్ అవుతోందన్నావు. టెన్షన్ పడకు. పైథాన్‌లో ఇంపోర్ట్‌ని టెస్ట్ చేయబోయిన వాళ్లందరికీ ముందు తగిలేది ఇదే.

ఇంపోర్ట్ అనగానే పైథాన్ మొదట సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో ఆ పేరు ఉందేమో చూస్తుంది. ఉంటే దాన్నే తీసి చేతికిస్తుంది, ఫైల్ వైపు కన్నెత్తి కూడా చూడదు. నీకంటే ముందు నడిచిన టెస్టు అదే పేరుతో ఏదో ఇంపోర్ట్ చేసిపోయి ఉంటే, నువ్వు శ్రద్ధగా రాసిన కొత్త ఫైల్‌ని చదివిన నాథుడే లేడన్నమాట. అందుకే ప్రతి టెస్టుకీ వేరే మాడ్యూల్ పేరు పెట్టు. ఇంత చిన్న పనితో సగం తలనొప్పులు పోతాయి.

తర్వాత, నువ్వు టెస్ట్ చేస్తున్నది సరిగ్గా దేన్నో తేల్చుకో. ఇంపోర్ట్‌లిబ్.రీలోడ్‌నా? సిస్.మాడ్యూల్స్‌లోంచి పేరు తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేయడాన్నా? రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. రీలోడ్ పాత మాడ్యూల్ ఆబ్జెక్ట్‌నే ఉంచి, దాని నేమ్‌స్పేస్‌లోనే (అంటే దాని పేర్లన్నీ ఉండే చోటే) కోడ్‌ని మళ్లీ నడుపుతుంది. పేరు తీసేసి ఇంపోర్ట్ చేస్తే కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది, పాతదాన్ని పట్టుకున్నవాళ్లు పాతదానితోనే ఉండిపోతారు. మీ లోడర్ ఏది చేస్తుందో ఆ మాట టెస్టులో ఒక్క లైన్‌లో రాసి పెట్టు: ముందూ తర్వాతా ఉన్నది ఒకే ఆబ్జెక్టా, కాదా అని. రేపు ఎవరైనా ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఆ లైనే పట్టుకుంటుంది. ప్యాకేజీ లోపలి మాడ్యూల్ అయితే ఇంకో మెలిక ఉంది. సిస్.మాడ్యూల్స్‌లోంచి తీసేసినా, పేరెంట్ ప్యాకేజీ మీద అది అట్రిబ్యూట్‌గా అలాగే ఉంటుంది. 'ఫ్రమ్ ప్యాకేజీ ఇంపోర్ట్ మాడ్యూల్' అని రాస్తే ఆ పాతదే వచ్చి కూర్చుంటుంది. రెండు చోట్లా తుడవాలి.

పాత వ్యాసాల్లో ఇంప్ అనే మాడ్యూల్ వాడిన కోడ్ కనిపిస్తే వదిలేయ్, 3.12లో దాన్ని పూర్తిగా తీసేశారు.

ఇక రీలోడ్ చేయని పనులకి తప్పకుండా టెస్టులు రాయి. కొత్త ఫైల్‌లోంచి ఒక ఫంక్షన్ తీసేసి రీలోడ్ చేస్తే ఆ ఫంక్షన్ పోదు, పాత నేమ్‌స్పేస్‌లో అలాగే ఉంటుంది. 'ఫ్రమ్' రూపంలో ఎవరైనా ముందే తెచ్చుకున్న పేర్లు మారవు. పాత క్లాస్‌తో చేసిన ఆబ్జెక్టులు పాత క్లాస్‌వే, కొత్త క్లాస్‌తో ఇజ్‌ఇన్‌స్టాన్స్ అడిగితే ఫాల్స్ వస్తుంది. ఆ మాడ్యూల్ తాను ఇంపోర్ట్ చేసుకున్న ఇతర మాడ్యూళ్లు వాటంతట అవి రీలోడ్ కావు. ఇవన్నీ పైథాన్ తీరే, బగ్‌లు కావు. కానీ మీ ప్లగిన్‌లు వాడేవాళ్లకి ఇవి తెలియవు. లోడర్ వీటిలో వేటిని సరిదిద్దుతుందో, వేటిని వాడేవాళ్లకే వదిలేస్తుందో టెస్టుల్లో కనపడాలి. డాక్యుమెంటేషన్‌లో రాస్తే ఎవరూ చదవరు, ఆ సంగతి నీకూ తెలుసు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ఉచ్చు. నీ ల్యాప్‌టాప్‌లో ఒకలా, సర్వర్‌లో ఇంకోలా ఫలితం వస్తోందన్నావు చూడు, నా అనుమానం దీని మీదే. టెస్టు 'ఎక్స్ = 1' అని ఫైల్ రాస్తుంది, ఇంపోర్ట్ చేస్తుంది. వెంటనే అదే ఫైల్‌లో 'ఎక్స్ = 2' అని రాసి రీలోడ్ చేస్తుంది. రెండు రావాలి. ఒకటే వస్తుంది!

ఎందుకంటే మొదటి ఇంపోర్ట్‌లోనే పైథాన్ కంపైల్ చేసిన కోడ్‌ని పైక్యాష్ ఫోల్డర్‌లో పీవైసీ ఫైల్‌గా దాచేసింది. రీలోడ్ సమయంలో ఆ పీవైసీ పనికొస్తుందా లేదా అని చూడటానికి అది పోల్చేవి రెండే: సోర్స్ ఫైల్ చివరిసారి మారిన టైమ్, ఫైల్ సైజు. ఆ టైమ్‌ని సెకన్ల లెక్కలోనే దాచుకుంటుంది. ఒకటి బదులు రెండు రాస్తే సైజు మారదు. మెషిన్ వేగంగా ఉంటే ఇదంతా ఒకే సెకనులో అయిపోతుంది, అంటే టైమూ మారదు. పైథాన్ దృష్టిలో ఫైల్ మారనే లేదు. మెషిన్ ఎంత వేగంగా ఉంటే ఈ టెస్టు అంత ఎక్కువసార్లు ఫెయిల్ అవుతుంది.

కొందరు మధ్యలో ఒక సెకను స్లీప్ పెట్టి చేతులు దులుపుకుంటారు. అలాంటి టెస్టులు వంద చేరాక రన్ ఎంతసేపు పడుతుందో వాళ్లకి పట్టదు. నువ్వు ఓఎస్.యూటైమ్‌తో ఫైల్ టైమ్‌ని రెండు మూడు సెకన్లు ముందుకి జరుపు. లేదా మొదటి ఇంపోర్ట్‌కి ముందే సిస్.డోంట్_రైట్_బైట్‌కోడ్‌ని ట్రూ చేసెయ్, పీవైసీ రాయడమే ఆగిపోతుంది. నాకు ఓఎస్.యూటైమ్ పద్ధతే ఇష్టం, అసలు వాడకంలో పీవైసీలు ఉంటాయి కాబట్టి. 3.7లో సోర్స్ హ్యాష్‌తో సరిచూసే పీవైసీలు కూడా వచ్చాయి, కానీ డిఫాల్ట్‌గా నడుస్తున్నది టైమ్, సైజు పద్ధతే. మీ లోడర్ ప్లగిన్ ఫైళ్లని తనే తిరగరాసి వెంటనే రీలోడ్ చేస్తుంటే మాత్రం ఇది టెస్టు గొడవగా వదిలేసేది కాదు, లోడర్‌లోనే ఉన్న బగ్. ఒకే సైజు, ఒకే టైమ్ కావాలని పెట్టి ఒక టెస్టు రాయి.

దీనికి దగ్గర చుట్టం ఇంకోటి. టెస్టు మధ్యలో కొత్త ఫైల్ సృష్టించి ఇంపోర్ట్ చేస్తే, ఫైల్ కళ్ల ముందే ఉన్నా మాడ్యూల్ దొరకలేదని ఎర్రర్ రావచ్చు. ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో పైథాన్ గుర్తుపెట్టుకుంటుంది, అదే కారణం. ఫైల్ సృష్టించాక ఇంపోర్ట్‌లిబ్.ఇన్‌వాలిడేట్_క్యాషెస్ పిలువు. టెస్టులు నడిపే పైటెస్ట్‌లో, ఇంపోర్ట్ వెతికే ఫోల్డర్ల జాబితాకి కొత్తది చేర్చే మంకీప్యాచ్.సిస్‌పాత్_ప్రీపెండ్ వాడితే ఆ పిలుపు అదే చేస్తుంది, కానీ దాని తర్వాత సృష్టించిన ఫైళ్లకి మళ్లీ నువ్వే పిలవాలి.

మాడ్యూల్ మధ్యలో ఎర్రర్ వస్తే ఏమవుతుందో కూడా చూడు. మొదటి ఇంపోర్ట్‌లో వస్తే ఆ పేరు సిస్.మాడ్యూల్స్‌లోంచి పోతుంది, అయితే అది దారిలో విజయవంతంగా ఇంపోర్ట్ చేసినవి మిగిలిపోతాయి. రీలోడ్‌లో వస్తే మాడ్యూల్ అక్కడే ఉంటుంది, ఎర్రర్ లైన్‌కి పైన ఉన్నవి కొత్తవి, కిందవి పాతవి. సింటాక్స్ ఎర్రరైతే కోడ్ నడవడమే మొదలవదు కాబట్టి పాత ఫంక్షన్లన్నీ యథాతథం. ఈ రెండింటికీ వేర్వేరు టెస్టులుండాలి. ఒక లైబ్రరీ ఇన్‌స్టాల్ కాలేదన్నట్టు నటించాలంటే సిస్.మాడ్యూల్స్‌లో దాని పేరుకి నన్ (None) అనే ఖాళీ విలువ పెడితే చాలు, ఇంపోర్ట్ ఎర్రర్ ఇస్తుంది.

టెస్టు అయ్యాక సిస్.మాడ్యూల్స్‌ని శుభ్రం చేయడానికి, పేరు తీసేసి చివర్లో తిరిగి పెట్టే మంకీప్యాచ్.డెల్‌ఐటమ్ చాలదు. పేరు ముందు నుంచీ లేకపోతే అది ఏమీ గుర్తుపెట్టుకోదు, టెస్టులో కొత్తగా చేరిన మాడ్యూల్ అలాగే ఉండిపోతుంది. యూనిట్‌టెస్ట్.మాక్‌లోని ప్యాచ్.డిక్ట్‌ని సిస్.మాడ్యూల్స్ మీద వాడు, ఆ బ్లాక్ అయ్యాక కొత్తగా చేరినవన్నీ పోతాయి. సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లు ఉంటే వాటిని ఆ బ్లాక్‌కి ముందే ఇంపోర్ట్ చేసి పెట్టుకో. వాటిలో చాలావాటికి ఒకే ప్రాసెస్‌లో రెండోసారి లోడ్ కావడం సరిపడదు.

ఇంపోర్ట్ చేయగానే ఏమేం లోడ్ అవుతాయి, ఏం ప్రింట్ అవుతుంది లాంటివి మాత్రం సబ్‌ప్రాసెస్‌లో, సిస్.ఎగ్జిక్యూటబుల్‌తో కొత్త ఇంటర్‌ప్రెటర్ తెరిచి చూడు. కాస్త నెమ్మదే, కానీ ఫలితం నమ్మొచ్చు. వీలైనప్పుడు సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) సొంత టెస్టుల్లోని ఇంపోర్ట్_హెల్పర్ కోడ్ చదువు. చదవడం వరకే, మీ టెస్టుల్లోకి తెచ్చుకోకు. టెస్ట్ ప్యాకేజీ పైథాన్ అంతర్గత వాడకానికే అని వాళ్లే రాసుకున్నారు.

ముందు ఆ ఫెయిల్ అవుతున్న టెస్టులో మాడ్యూల్ పేరు మార్చి, మొత్తం సూట్‌ని పీవైసీ రాయకుండా ఆపే పైథాన్ మైనస్ బీ (-B, పెద్దక్షరం) ఆప్షన్‌తో ఒకసారి రన్ చెయ్. అప్పటికీ ఫెయిల్ అయితే, ఫైల్ ఎప్పుడు రాస్తోందో ఎప్పుడు రీలోడ్ చేస్తోందో ఆ భాగం నాకు పంపు, కలిసి చూద్దాం.

నీ బాబాయ్