పోచంపల్లి పేరు పెట్టేముందు

బిడ్డా,

ఉద్యోగం మానేసి బట్టల బ్రాండ్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. దాన్ని ఊరుకోబెట్టి ఫోన్ పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. మగ్గం వదిలిపెట్టి అమెరికా వచ్చిన ఇంట్లో ఒకతి మళ్లీ బట్టల్లోకే పోతోంది! సంతోషమే. భయం కూడా ఉంది, అందుకే రాస్తున్నా.

నీకు ఆ అమెరికా ఫ్యాషన్ డిజైనర్ విల్లీ చవారియా అంటే పిచ్చని తెలుసు. ఆయన కథ నువ్వెప్పుడూ పారిస్ షో దగ్గర మొదలుపెడతావు. వెనకది కూడా చూడు. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అవతల హ్యూరన్ అనే చిన్న ఊరు, పొలాల్లో కూలి చేసుకునే మెక్సికన్ల ఊరు. అక్కడ పెరిగి, శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువుకుంటూ జో బాక్సర్ అనే లోదుస్తుల కంపెనీలో పార్సిళ్లు పంపే పనిలో చేరాడు. అక్కడి నుంచే డిజైన్‌లోకి వచ్చాడు. తర్వాత రాల్ఫ్ లారెన్‌లో చేశాడు. సొంత పేరుతో బ్రాండ్ పెట్టింది 2015లో, యాభైకి దగ్గరపడ్డాక. 2021లో కాల్విన్ క్లెయిన్‌లో పెద్ద ఉద్యోగం తీసుకున్నప్పుడు కూడా తన బ్రాండ్ ఆపలేదు. 2023, 2024లో వరసగా అమెరికా ఉత్తమ పురుషుల దుస్తుల డిజైనర్ అవార్డు, 2025 జనవరిలో పారిస్‌లో షో. నువ్వేమో మొదటి జాకెట్ అమ్మకుండానే రాజీనామా రాసి పెట్టుకున్నావు. జీతం ఉండగానే మొదలుపెట్టు తల్లీ.

లైసెన్సు, ట్రేడ్‌మార్కు, ట్యాక్సు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. శాంపిల్ ఒంటికి కుదిరేదాకా బట్ట తానులు కొనకు.

లాస్ ఏంజెలెస్‌లోనే కుట్టిస్తానన్నావు, మంచిది. మేం కుట్టే రోజుల్లో పీస్ రేటు. జేబుకి ఇన్ని సెంట్లు, కాలరుకి ఇన్ని. బాత్రూంకి లేస్తే ఆ పైసలు పోతాయని నేనూ, పక్క మిషన్ మీది మెక్సికో ఆవిడా మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టేవాళ్లం కాదు. 2022 నుంచి కాలిఫోర్నియాలో పీస్ రేటు కుదరదు, గంటకింత అని ఇవ్వాల్సిందే. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే బ్రాండు వాళ్లు కూడా కట్టాలి. ఎవడైనా మరీ చవకగా కుట్టిస్తానంటే ఆ షాపు గడప తొక్కకు.

ఇక అసలు విషయం. నువ్వు పంపిన ఫోటో చూశాను. పాలిస్టర్ మీద ఇక్కత్ ప్రింటు, లేబుల్ మీద ‘పోచంపల్లి’. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు దేవుడిలా చూసే చవారియా కూడా ఇక్కడే దెబ్బతిన్నాడు. 2025 ఆగస్టులో అడిడాస్‌తో కలిసి ‘వహాకా’ పేరు పెట్టి ఒక చెప్పు చూపించాడు. పైభాగం అచ్చం యలాలగ్ అనే ఊళ్లో తోలు పట్టీలు అల్లి చేసే వారాచే చెప్పులాగే ఉంది. మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో జపోటెక్ అనే ఆదివాసుల ఊరది. వాళ్లనెవరూ అడగలేదు. మెక్సికో అధ్యక్షురాలే తప్పుబట్టింది. ఆ ఊరివాళ్లతో కలిసి పనిచేయకుండా చేశామని ఆయన క్షమాపణ చెప్పాడు. అడిడాస్ మనుషులు యలాలగ్ వెళ్లి జనం ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో పారిస్‌లో వలస వచ్చినవాళ్ల కోసం తెల్ల టీషర్టుల్లో మనుషుల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టిన మనిషే ఇతను. మనసు చెడ్డదని నేననను. మెక్సికన్ రక్తం కదా, అడగక్కర్లేదనుకున్నాడేమో. నీకూ అదే ధైర్యం: “మనది పోచంపల్లే కదా పెద్దమ్మా!”

మనదే. చీర నేసేముందు మీ అమ్మమ్మ నూలుని వరసలుగా చుట్టి ఆసు పోసేది. నూలు అటు మేకుకి, ఇటు మేకులకి. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు ఆడాలి. చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసింది తన తల్లి భుజం నొప్పి చూడలేకే. మా అమ్మకి ఆ యంత్రం అందలేదు. సాయంత్రానికి కుడి చెయ్యి పైకి లేచేది కాదు, నేనే తల దువ్వి జడ వేసేదాన్ని. ఆ తర్వాత మా నాన్న రంగు అంటకూడని చోట నూలుకి రబ్బరు పట్టీలు బిగించి, అంటే చిటికీలు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కట్టి... నీ ప్రింటు మిషన్ దాన్ని నిమిషంలో దింపేస్తుంది. అంత కష్టం ఉంది కాబట్టే ఆ పేరుకి జీఐ గుర్తింపు ఉంది, అంటే అక్కడి పద్ధతిలో నేసిన బట్టకే ఆ పేరు వాడాలని చట్టం. కేసు సంగతి పక్కన పెట్టు, ఊళ్లో మీ మామయ్యలకి మొహం ఎలా చూపిస్తావు?

తిట్టానని అలగకు. ఒక్క రంగు, ఒక్క డిజైన్ చాలు, నిజం ఇక్కత్‌తో చెయ్యి. ఊళ్లో నేతగాళ్ల సొసైటీతో నేను మాట్లాడతాను. సగం డబ్బు ముందే పంపు, నేసేవాళ్ల పేర్లు లేబుల్ మీద వేస్తానంటే వాళ్లని అడిగి వెయ్యి. జాకెట్ ధర పెరుగుతుంది. తక్కువ కుట్టించు. ప్రింటు కూడా కావాలంటే నీ బొమ్మ నువ్వే గీసుకో, చిన్నప్పుడు గోడలన్నీ పాడుచేసేదానివిగా.

ఇంకోటి, ఆ ఫోటోలో జాకెట్ చంక కింద లాగుతోంది. వదులు బట్ట అంటే చంక మరీ కిందికి కొయ్యడం కాదు, చెయ్యెత్తితే మొత్తం జాకెట్టే పైకి లేస్తుంది. ప్యాటర్న్ పట్టుకుని ఆదివారం రా. భోజనం ఇక్కడే.

మీ పెద్దమ్మ