సముద్రం కోతకి రాళ్ళ గోడా, మడ మొక్కలా? ఉప్పాడ వైపు నుంచి నా జవాబు

మా ఊరు ఒడ్డు ఏటా కోసుకుపోతోంది, గోడ కట్టమని అడగాలా లేక మడ మొక్కలు (ఉప్పునీళ్ళ బురదలో పెరిగేవి, మాంగ్రూవ్స్ అంటారే అవి) నాటుకోవాలా అని అడిగేరు కదండి. ముందు మీ ఒడ్డు ఇసకదా బురదదా చూసుకోండి, సగం జవాబు అక్కడే తేలిపోతుంది.

మాది కాకినాడకి ఉత్తరాన ఉన్న ఉప్పాడ దగ్గర చేపల వేట చేసుకునే కుటుంబం. మా తాతగారి ఇల్లు, వలలు ఆరేసుకునే ఇసక మేట ఉన్న చోట ఇప్పుడు నీళ్ళే. 2010 ప్రాంతంలో ఇక్కడ జియోట్యూబ్ గోడ వేసేరు, అంటే పెద్ద పెద్ద గుడ్డ గొట్టాల్లోకి ఇసక నింపి ఒడ్డు పొడుగునా పేర్చడం అన్నమాట. కొన్నాళ్ళు బాగానే ఆపింది, కాదనను, కానీ తర్వాత తుఫాన్లకి చోటుచోటునా చినిగి కుంగిపోయింది. అసలు ఇబ్బంది ఏంటంటే గోడ ఉన్నంత మేరా ఇళ్ళు నిలబడతాయి, గోడ అయిపోయిన దగ్గర్నుంచి పక్కవాళ్ళ ఒడ్డు కోత మొదలవుతుంది. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుందండి, మధ్యలో ఎక్కడ రాళ్ళ కట్ట అడ్డం పెట్టినా దక్షిణం వైపు మేట వేస్తుంది, ఉత్తరం వైపు కోసేస్తుంది. దానికి తోడు గోదావరి తెచ్చే ఒండ్రులో చాలా భాగం పైన ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది, సముద్రమట్టం చూస్తే ప్రపంచం మొత్తం మీద సగటున ఏటా 3, 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. కాకినాడకి హోప్ ఐలాండ్ ఇసక దిబ్బ చాటుంది, దాని కొస దాటి ఉత్తరాన ఉన్న మాకు అది లేదు, అందుకే ప్రతి తుఫానుకీ ముందు మా బీచ్ రోడ్డే పోతుంది.

ఇలాంటి కెరటాలు కొట్టే ఇసక ఒడ్డు మీద మడ మొక్కలు బతకవు. ఫొటోలకి నాటతారు, రెండు పోట్లకి కొట్టుకుపోతాయి. ఇసక ఒడ్డుకి దిబ్బల్ని తవ్వకుండా వదిలెయ్యడం, వాటి మీద పాకే ఊదాపూల తీగని పీకకుండా ఉంచడం, వెనకాల సరుగుడు పెంచడం, ఇవే పనికొస్తాయి.

మీ ఊరు ఏటిమొగ దగ్గరో పాయల పక్కనో ఉంటే మాత్రం మడని మించింది లేదండి. కోరంగి వైపు మా చుట్టాలున్నారు, 1996 నవంబర్ తుఫాను గురించి మాట్లాడితే మడ వెనకున్నాం కాబట్టి బతికాం అంటారు. పీతలకీ రొయ్యపిల్లలకీ కూడా పురిటిల్లు అదే. పాడైపోయిన మడలో ఊరికే మొక్కలు గుచ్చితే లాభం లేదు, పోటు నీళ్ళు లోపలికి రాక నేల ఉప్పు తేలిపోయి ఉంటుంది. ముందు ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చేపముల్లు లాగా పిల్ల కాలవలు తవ్వి పోటూ పాటూ ఆడనిచ్చి, ఆ గట్ల వాలులో నాటాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు కృష్ణా గోదావరి మడల్లో చేయించింది ఈ పద్ధతే. రొయ్యల చెరువు గట్టు పాయకి అడ్డం ఉంటే పంచాయతీలో ముందు ఆ గొడవ తేల్చుకోండి. మడ ఉన్న నేల తీర నియంత్రణ నిబంధనల్లో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జోన్ కిందికి వస్తుంది, అర్జీలో ఆ మాట తప్పకుండా రాయండి.

ఇళ్ళు వెనక్కి జరపాల్సొస్తే ఇంకో సంగతి. మా వాళ్ళకి దూరంగా ఎక్కడో స్థలాలిచ్చేరు, బోటు ఇక్కడ ఇల్లక్కడ, తెల్లారగట్ల వేటకి ఇంజనూ వలలూ మోసుకుని ఎలా వస్తారు, ఆడవాళ్ళు చేపలు ఎక్కడ ఎండబెట్టుకుంటారు, దాంతో కొంతమంది మళ్ళీ ఒడ్డుకే వచ్చి పాకలేసుకున్నారు. కాబట్టి ఇల్లు లోపలికి జరిగినా ఒడ్డు మీద బోట్లకీ వలలకీ చేపలకీ జాగా మత్స్యకారులకే ఉండేలా ముందే రాయించుకోండి, మాట మీద వదలొద్దు.

ఇంతకీ మీకు దగ్గర్లో ఏటిమొగ గానీ హార్బర్ గోడ గానీ ఉందా, ఉంటే ఊరికి ఏ వైపు? అది చెబితే ఇంకొంచెం వివరంగా రాస్తానండి.