మతిమరుపు ఉన్న పెద్దలతో బొమ్మలు వేయించడం ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా ప్రతి శనివారం ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రానికి వెళ్లి, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవారితో బొమ్మలు వేయిస్తోంది. అదే వృత్తిగా చేసుకుంటానంటూ ఆన్‌లైన్ ఆర్ట్ థెరపీ సర్టిఫికెట్ కోర్సుకు 70 వేల రూపాయలు అడుగుతోంది. మేము యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి వీలుగా ఉండేలా రూపొందించే పని) నేర్చుకోమంటున్నాం. రెండింటిలో ఏది మేలు? రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఏం చేస్తోందంటే ఏమని చెప్పాలి? మా అమ్మకూ కొంచెం మతిమరుపు ఉంది, వయసు కదా, కాబట్టి ఆ అవస్థ నాకు తెలుసు. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: మీరు అడిగింది రెండు కోర్సుల మధ్య పోలికే అయినా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ సంబంధాల మాటే అని నాకు అర్థమవుతోంది. నర్సింగ్ చదువుతానన్న అమ్మాయిల తండ్రులూ, స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు వెళ్తానన్న అబ్బాయిల తల్లులూ నన్ను ఇదే అడుగుతుంటారు. పైకి జీతం గురించి అడుగుతారు, లోపల మాత్రం నలుగురికీ ఏం చెప్పాలన్న బెంగ ఉంటుంది. ఆరు నెలలపాటు ఒక్క శనివారం కూడా మానకుండా వెళ్లిన పిల్లను మెచ్చుకోవడానికి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది.

అయితే ఒక విషయంలో నేను మీ పక్షమే: ఆ 70 వేలు ఇప్పుడు కట్టకండి. ఆర్ట్ థెరపీ అన్న మాటకు ఈమధ్య గిరాకీ పెరిగింది, దానితోపాటే కొన్ని వారాల్లో థెరపిస్టును చేస్తామనే ప్రకటనలూ పెరిగాయి. బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్ట్ అన్న హోదాకు చట్టరక్షణ ఉంది. ఆమోదం పొందిన మాస్టర్స్ స్థాయి కోర్సు చదివి, అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు చేసుకున్నవారు తప్ప ఇంకెవరూ ఆ పేరు పెట్టుకోకూడదు. మన దగ్గర కూడా 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి, రేపు అర్హతలు గట్టిగా అడిగే రోజున ఈ సర్టిఫికెట్ చెల్లుతుందని నేను మాత్రం హామీ ఇవ్వలేను. బొమ్మల ద్వారా రోగి మనసును పరిశీలించి చికిత్స చేయడం వేరు, పెద్దలు ఒక గంటసేపు ఇష్టంగా, గౌరవంగా గడిపేలా చూడడం వేరు. మీ అమ్మాయి చేస్తున్నది రెండోది, దానికి థెరపీ అన్న తోక తగిలించనక్కరలేదు.

అది తేలిక పని అని మాత్రం అనుకోకండి. ఒక సంక్రాంతి ముందు నేను అలాంటి కేంద్రంలో కూర్చుని చూశాను. కొడుకు పేరు చెప్పలేని ఒక పెద్దావిడ ముందు వలంటీరు చిన్నపిల్లల రంగుల పుస్తకం పెడితే, ఆవిడ దాన్ని పక్కకు నెట్టేశారు. తరువాత నల్లటి అట్ట, కాస్త బియ్యప్పిండి ఇస్తే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు తీసుకుని, సమానమైన ఎడంతో ఏడు చుక్కలు పెట్టి, పైన సందు చుక్కలు వేసి, మెలిక తిప్పడం మొదలుపెట్టారు. పేర్లూ సంఘటనలూ చెదిరిపోయినా, చేతికి అలవాటైన పని చాలాకాలం నిలిచి ఉండడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. అంతలో ఆ వలంటీరు ఉత్సాహం పట్టలేక, “ఈ ముగ్గు పేరేమిటమ్మా, గుర్తుందా?” అని అడిగింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి అరచేత్తో అంతా చెరిపేశారు.

నేర్చుకోవలసింది ఇలాంటివే. జ్ఞాపకాన్ని పరీక్షించే ప్రశ్న వేయకూడదు. సాయంత్రమయ్యేకొద్దీ చాలామందిలో కలవరం పెరుగుతుంది కాబట్టి పొద్దునపూటే, ఆరేడుగురికి మించకుండా కూర్చోబెట్టాలి. కుంచెలు కడిగే నీళ్లను తాగే గ్లాసులో ఉంచితే టీ అనుకుని తాగేస్తారు. తెల్ల కాగితం అంచు కనిపించాలంటే కింద ముదురు రంగు గుడ్డ పరవాలి.

ఇక పోలిక. యూఎక్స్ డిజైన్‌లో ఉద్యోగాలు ఎక్కువ, పోటీ కూడా ఎక్కువే. బొమ్మల సెషన్ల మీదే బతకడం మొదటి కొన్నేళ్లు కష్టం. వారంలో కొన్ని రోజులు బడిలో డ్రాయింగ్ టీచరుగానో, డిజైన్ పనిలోనో ఉంటూ మిగిలిన రోజులు దీనికి కేటాయించే దారే నేను సూచిస్తాను. బీఎఫ్‌ఏ పూర్తయ్యాక ఒక ఏడాది అనుభవజ్ఞుల కింద పనిచేసి, అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఎంఏ సైకాలజీ గాని, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గాని చదవవచ్చు. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ వృద్ధుల సంరక్షణలో కోర్సులు నిర్వహిస్తోంది. డిమెన్షియా ఉన్నవారి కోసం 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్‌ఐ అనే స్వచ్ఛంద సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, అక్కడ కనుక్కోమనండి. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. మీ అమ్మాయికి పని కరువవుతుందని నేను భయపడడం లేదు. సంబంధాల వాళ్లు అడిగితే, డిమెన్షియా ఉన్న పెద్దలతో పనిచేస్తోందని చెప్పండి. ఆ మాటకే ముఖం మాడ్చుకునే ఇంటికి పిల్లను ఇవ్వాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండి.

చివరగా, వయసు కదా అని మీరు తేల్చేసిన మీ అమ్మగారి సంగతి. వయసుతోపాటు వచ్చేదే అని వదిలేయకుండా ఆమెను ఒకసారి న్యూరాలజిస్టుకు చూపించండి. థైరాయిడ్ లోపం వల్లనో, బీ12 తక్కువవడం వల్లనో వచ్చిన మరుపైతే మందులతో తగ్గవచ్చు. అమ్మాయి ఈసారి సెలవులకు వచ్చినప్పుడు నాయనమ్మతో ఒక గంట కూర్చోమనండి. మీరూ పక్కనే ఉండి చూడండి, మధ్యలో మాత్రం “గుర్తుందా అమ్మా” అని అడగకండి.